రెండుసార్లు తగ్గించిన లెక్క

ఈ బరువు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు, మా నాయనకు చెప్పలేదు. ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఇన్నేళ్లు మోస్తే ఏ బరువైనా అలవాటవుతుందంటారు. నాకు కాలేదు. ఇప్పటికీ కరెంటు పోతే చాలు, ఒళ్లు చల్లబడుతుంది. ఇంట్లోవాళ్లు కొవ్వొత్తి కోసం వెతుక్కుంటూ ఉంటే నేను కుర్చీలో కదలకుండా కూర్చుంటాను. ఈయనకు చీకటంటే భయం అని మా ఆవిడ పిల్లల ముందు వేళాకోళం చేస్తుంది. పట్టపగలు పోయినా ఇంతే కదా అని ఎవరూ అడగలేదు, అదే మేలు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

ఒక అమ్మాయి చేయని తప్పును ఆమె మీద ఉండనిచ్చాను. ఆ తప్పు చేసింది నేను రాసిన ప్రోగ్రాము. ఆ సంగతి అప్పుడు నా ఒక్కడికే తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడంతో ఆగానా అంటే, లేదు. ఆగి ఉంటే ఈ కాగితం ఇంత కష్టంగా ఉండేది కాదేమో.

ఎనభైల చివరి రోజులు. హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ని. మాది ఆళ్లగడ్డ. నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో నన్ను కంప్యూటరాయన అనేవాళ్లు. కంప్యూటరు మొహం చూసినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు కాబట్టి నేను ఏం చెప్పినా చెల్లేది. ఆ చెల్లుబాటు తలకెక్కింది. ఇది ముందే ఒప్పుకోవాలి. నా ప్రోగ్రాములో తప్పు ఉండదు అని నేనే నమ్మి, ఊరిచేత కూడా నమ్మించాను.

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ మా కంప్యూటరు కొన్నది. పాణ్యం పోయే రోడ్డులో వాళ్ల ల్యాబు, రోడ్డుకు అవతల గోదాము. బీరువా అంత మిషన్. దానికి తీగలతో కలిపిన ఆరు టెర్మినళ్లు, అంటే తెరా మీటలూ ఉన్న పెట్టెలు. మూడు ల్యాబులో, మూడు గోదాములో. మీ వైపే కదా, నువ్వే చూసుకో అని మావాళ్లు నన్ను పంపారు. పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కడం, సాయంత్రం తిరిగిరావడం. అమ్మ చేతి రాగిసంగటి తింటూ ఉద్యోగం చేయడం నాకు రాజభోగంగా ఉండేది.

ఏ కంప్యూటరులోనైనా అన్నింటికీ అడుగున కెర్నల్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది. చోటు ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో అదే చూసుకుంటుంది. మా మిషన్ కెర్నల్‌లో టెర్మినళ్ల సంగతి చూసే భాగం నేను రాశాను. అందులో లెక్క ఒకటి ఉంటుంది. అది చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

డిస్కులో ఉన్న రికార్డును ఎవరైనా తెరిస్తే కెర్నల్ దాన్ని తెచ్చి ఒక గడిలో పెడుతుంది. ఆ గడిని ఎంతమంది పట్టుకుని ఉన్నారో పక్కనే ఒక అంకె రాసుకుంటుంది. ఒకరు తెరిస్తే ఒకటి. అదే రికార్డును ఇంకొకరు కూడా తెరిస్తే రెండు. ఒకరు వదిలేస్తే ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ఇక దీనితో ఎవరికీ పని లేదనుకుని ఆ గడిని వేరే రికార్డుకు ఇచ్చేస్తుంది. తగ్గించడం మరిచిపోతే గడులు నిండిపోయి మిషన్ ఆగిపోతుంది. అదొక తలనొప్పి, కానీ అందరికీ కనబడుతుంది. అదే ఒకరు వదిలినందుకు రెండు తగ్గిస్తే? ఇంకా ఒకరు పట్టుకుని ఉండగానే గడి చేతులు మారుతుంది. పట్టుకున్నవాడికి తెలియదు. కొత్తగా వచ్చినవాడికీ తెలియదు. చప్పుడుండదు.

ఒకరోజు అన్నం తింటూ నాయనకు ఇది చెప్పాను. ఆయన చదివింది ఏడో తరగతి, కానీ ఠక్కున పట్టుకున్నాడు. వాళ్ల పద్ధతీ అదే. తీగల మీద పనికి మూడు జట్లు పోతే సబ్‌స్టేషన్‌లో మూడు చీటీలు రాసుకుంటారు. దిగివచ్చిన జట్టు తన చీటీ వాపసు చేస్తుంది. మూడూ వాపసు వస్తేనే కరెంటు వదులుతారు. ఒకటి రాకపోతే ఊరంతా ఉక్కపోతలో కూర్చుని తిట్టుకుంటుంది, అంతకుమించి ఏమీ కాదు. మరి ఒకే జట్టు దిగినట్టు రెండుసార్లు రాస్తే అని అడిగాను. ఆయన ముద్ద కలపడం ఆపాడు. "పైన ఇంకొకడు ఉంటాడు గదా నాయనా" అన్నాడు. ఆ మాట విన్న చెవులు ఇవే. ఆ తప్పు రాసిన చేతులూ ఇవే.

ల్యాబులో సలోమి అని ఒక అమ్మాయి పని చేసేది. ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్ల నాయన చర్చివాళ్ల బడిలో అయ్యవారు. విత్తనాల ప్రతి లాటు నుంచీ, అంటే ఒకే దఫాలో వచ్చిన బస్తాల నుంచి, నూరు గింజలు తీసి తడికాగితంలో చుట్టిపెట్టడం, రోజులు గడిచాక విప్పి ఎన్ని మొలిచాయో చూడడం ఆమె పని. పెన్సిలు మొనతో ఒక్కొక్క మొలకనూ తాకుతూ లెక్కపెట్టేది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేది. నోటుపుస్తకంలో రాసి, తర్వాత టెర్మినల్లో కొట్టేది. నూటికి డెబ్బై మొలవకపోతే ఆ లాటు బస్తా గేటు దాటకూడదు. గోదాములో గుమాస్తా నోటుపుస్తకాలు చూడడు, తెర మీద అంకె చూసి బస్తాలు వదులుతాడు.

ఆ ల్యాబులో ఒక అలవాటుండేది. కరెంటు పోగానే ఆడపిల్లలు పరుగెత్తుకెళ్లి గోడమీద స్విచ్చులన్నీ కట్టేసేవాళ్లు. పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ ఓల్టేజీతో విరుచుకుపడేది మరి. రెండు ఫ్యాన్లూ ఒక టెర్మినలూ కాలిపోయాక ల్యాబు ఇన్‌చార్జే అలా చేయమన్నాడు. మిషన్‌కు బ్యాటరీలున్నాయి, అది నడుస్తూనే ఉండేది. గోదాములో డీజిలు జనరేటరు ఉంది, అక్కడి టెర్మినళ్లు నిమిషంలో లేచి కూర్చునేవి, అంతసేపు మిషన్ ఆగి చూసేది కాబట్టి చేస్తున్న పని పోయేది కాదు. ల్యాబులోవి మాత్రం, ఎవరు ఏ రికార్డు తెరుచుకుని ఉన్నా సరే, స్విచ్చి కట్టేసి ఉండడంతో ఆరినవి ఆరినట్టే ఉండిపోయేవి.

దీన్ని హైదరాబాదులో మేమెవరం ఊహించలేదు. పరీక్ష చేసేటప్పుడు బుద్ధిగా ప్రోగ్రాములోంచి బయటికి వచ్చి, అప్పుడు టెర్మినల్ ఆపేవాళ్లం. పని మధ్యలో ఉండగా స్విచ్చి కట్టేస్తే నా ప్రోగ్రాము రెండు పనులు చేసేది. టెర్మినల్ ఆరిపోయింది కదా అని ఒకటి తగ్గించేది. ఆ వెనకే ప్రోగ్రాము మూతపడింది కదా అని ఇంకొకటి తగ్గించేది. ఒకే మనిషి. రెండు తగ్గింపులు.

జరిగింది ఇది. విత్తేకాలానికి ముందు నెల, మొదటి సోమవారం సలోమి ఒక పొద్దుతిరుగుడు లాటు కాగితాలు విప్పింది. ముప్పై నాలుగే మొలిచాయి. ముప్పై నాలుగనే కొట్టింది. మరుసటిరోజు పొద్దున ఏదో చిన్న వివరం చేర్చడానికి అదే లాటు రికార్డు తెరిచింది. అదే సమయానికి గోదాములో గుమాస్తా కూడా, బస్తాలు ఏ వరసలో ఉన్నాయో రాయడానికి దాన్నే తెరిచి ఉన్నాడు. ఇద్దరు. లెక్క రెండు. కరెంటు పోయింది. సలోమి లేచి స్విచ్చి కట్టేసింది. లెక్క సున్నా అయింది. గుమాస్తా ఇంకా ఆ గడిని పట్టుకునే ఉన్నాడు. గోదాములో వేరే టెర్మినల్ నుంచి ఎవరో ఇంకో లాటు తెరిస్తే కెర్నల్ ఆ గడిని దానికి ఇచ్చేసింది. అది మంచి లాటు, నూటికి ఎనభై ఎనిమిది మొలిచింది. గుమాస్తా వరస నంబరు కొట్టి, దాచు అన్నాడు. లాటు పేరు వేరేచోట ఉంటుంది కాబట్టి అది చెక్కుచెదరలేదు. దాని కింద మొలకల అంకె మాత్రం ఎనభై ఎనిమిది అయి కూర్చుంది.

ఆ బస్తాలు దొర్నిపాడు వైపు పోయాయి.

ఆ ఏడు వానకు అక్కడ నల్లరేగడికి విత్తడానికి మంచి పదును దొరికింది. రైతులు ఆత్రంగా గొర్రు కట్టి విత్తారు. వారమైంది, పది రోజులైంది. పక్క చేలల్లో పచ్చగా గీతలు గీసినట్టు మొక్కలు లేస్తే వీళ్ల చేలు నల్లగానే ఉన్నాయి. ట్రాక్టరు ఎక్కి నంద్యాలకు వచ్చారు. కేకలు వేస్తారనుకుని కంపెనీవాళ్లు గేటు మూయించారు. కేకలు వేయలేదు. లోపలికి రానిచ్చాక ఒక ముసలాయన తుండుగుడ్డ విప్పి, భూమిలోంచి తవ్వి తెచ్చిన గింజలు ఇన్‌చార్జి బల్లమీద పోశాడు. గోటితో ఒకదాన్ని చీల్చి చూపించాడు. లోపల బూజు. మళ్లీ విత్తుదామన్నా పదును పోయింది అని చెప్పి, గుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. అరిచి ఉంటే నాకు బాగుండేది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

కంప్యూటరులో ఎనభై ఎనిమిది. సలోమి నోటుపుస్తకంలో ముప్పై నాలుగు. ఏది నిజం? పుస్తకం నిజమైతే తప్పు అంకె ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు? చెడ్డ విత్తనం వదిలితే లాభం ఎవరికో, ఆమెకు ఎవరెంత ఇచ్చారో అని గుసగుసలు మొదలయ్యాయి. విచారణకు పైనుంచి ఇద్దరు వస్తున్నారని, ఈలోపు మిషన్ సంగతి తేల్చమని ఇన్‌చార్జి నాకు చెప్పాడు.

నిజం చెప్పాలంటే మొదట నేను కూడా ఆమెనే అనుమానించాను. నా ప్రోగ్రామును అనుమానించడం కంటే అది సులువు కదా? మధ్యాహ్నం మిషన్ గదిలో, బ్యాటరీల మీదే నడిచే మిషన్ సొంత తెరమీద కెర్నల్ గడుల లెక్కలు పెట్టుకుని ఊరికే చూస్తున్నాను. కరెంటు పోయింది. పక్కగదిలో కాళ్ల చప్పుడు, టకటకా స్విచ్చులు కట్టేసిన చప్పుడు. కాసేపటికి నా కళ్ల ముందు ఒక గడి పక్కన రెండు అని ఉన్న అంకె సున్నా అయింది. ఒకటి దగ్గర ఆగలేదు.

లేచి టేపుల బీరువా దగ్గరికి పోయాను. రోజూ సాయంత్రం డిస్కునంతా టేపుకెక్కించేవాళ్లం. ఆ టేపులనే తిప్పితిప్పి వాడేవాళ్లం. నెల మొదటి సోమవారం టేపు మాత్రం విడిగా దాచేవాళ్లం. అది బీరువాలోంచి తీసి ఎక్కించి చూశాను. ఆ లాటు. ముప్పై నాలుగు. సలోమి కొట్టినదే, కొట్టినట్టే, నా ఎదురుగా.

గాలి ఆడక బయటికి వచ్చాను. మెట్లమీద ఆమె కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"అన్నా, ఒక మాట అడుగుతా. నేను కొట్టింది మిషన్‌లో మారిపోతాదా?"

"మిషన్ తనంతట తాను ఏం మార్చదమ్మా."

"అట్లయితే నేనే మార్చినానంటావా?"

"నేనట్ల అన్లేదు."

"నాకేం అర్థం కాల్యా అన్నా. ముప్పై నాలుగు కొట్టినా. పుస్తకం చూపిస్తే, గొడవైనాక రాసుకుంటివి అంటాండారు. నేనేం జెప్పినా ఇనేటోళ్లు ల్యారు. ఆ మిషన్ లోపల ఏముండాదో నీకే గదా తెల్సు. నువ్వొక మాట జెప్తే ఇంటారు."

"చూస్తాలే" అన్నాను.

"యాడ చూస్తావన్నా, రేపే గదా విచారణ" అంది. గొంతులో ఏడుపు లేదు. ఉత్త అలసట. మూడే మూడు వాక్యాలు, అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. టేపు చూశానమ్మా, నువ్వు సరిగానే కొట్టావు, తప్పు నాది. నాలుక దాకా వచ్చాయి. వచ్చాయని ఇప్పుడు నన్ను నేను సముదాయించుకుంటున్నానా? ఏమో. లోపలికి వెళ్లిపోయాను.

లోపలికి వెళ్లి నేను చేసింది ఇది. ప్రోగ్రాములో ఆ రెండో తగ్గింపును కొట్టేశాను. ఒక్క వరుస, అర నిమిషం పని. బాగుచేసిన కెర్నల్‌ను టేపుకెక్కించాలి. డ్రైవులో సోమవారం టేపు ఉంది. సొరుగులో రెండు కొత్త టేపులు, కాగితం కూడా చింపనివి ఉన్నాయి. నేను సొరుగు తెరవలేదు. ఉన్న టేపు మీదే ఎక్కించాను. అది గిర్రున తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ముప్పై నాలుగు పోయింది. హడావుడిలో చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. హడావుడి ఏమీ లేదు. సొరుగు నా మోకాలికి తగులుతూ ఉంది.

మరుసటిరోజు పొద్దున విచారణ. వచ్చిన ఇద్దరూ, ఇన్‌చార్జీ కుర్చీల్లో. సలోమి నిలబడి ఉంది. తలుపు బయట వాళ్ల నాయన చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చున్నాడు. మిషన్ తప్పు చేస్తుందా అని అడిగారు. చేయదండీ, ఎవరో ఒకరు కొట్టనిదే అంకె మారదు అన్నాను. పాత టేపులు ఉన్నాయా అన్నారు. వాటినే తిప్పి వాడతామండీ, ఇప్పుడు ఉండవు అన్నాను. ఎంత నున్నగా వచ్చాయో ఆ మాటలు. ఆమె నావైపు చూసింది. కోపం కాదు. చెప్పబోయేది ఇంకా మిగిలి ఉందేమో అన్నట్టు ఎదురుచూసింది. నేను టెర్మినల్ తెర తుడుస్తూ నిలబడ్డాను.

వారంలో ఆమెను తీసేశారు. కేసు పెట్టలేదు, అదే పెద్ద దయ అన్నారు. ఊరు మాత్రం తన కేసు తాను పెట్టింది. చర్చిలో ముందువరసలో కూర్చునే అయ్యవారు వెనక్కి మారాడని, తర్వాత రావడమే మానేశాడని విన్నాను. ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయారన్నారు. దొర్నిపాడులో ఒక మనిషి ఆ ఏడు ఎద్దులను అమ్ముకున్నాడని కూడా విన్నాను. ఆయన ఎవరో నేను అడగలేదు. అడిగితే పేరు తెలుస్తుంది కదా.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. తిట్టి ఊరుకునేవాళ్లు. నాయన తల దించుకుంటాడనా? అసలు నాయనే అయితే నన్ను మెడపట్టి ఆ గదిలోకి తీసుకెళ్లి చెప్పించేవాడు. తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాను. నేను తప్పు రాయను అనే పేరు. దాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషిని ఇచ్చేశాను. ఎంత చవకబేరం!

ఇంకా ఒకటుంది. దీన్ని తలుచుకుంటేనే ఒళ్లు చల్లబడేది. అదే కెర్నల్ మావాళ్లు వేరే ఊళ్లలో పెట్టిన మిషన్లలో కూడా ఉంది. బాగుచేశాను అని కంపెనీకి చెప్పాలంటే ఎందుకు చేశావు, ఎక్కడ బయటపడింది అని అడుగుతారు. అందుకని చెప్పలేదు. నంద్యాలలో ఒక్కచోటే మార్చాను. తర్వాత సంవత్సరానికి ఆ ఉద్యోగం మానేశాను. మిగతా మిషన్లు అలాగే నడిచాయి. ఒకటి ఆసుపత్రిలో పెట్టారని తెలుసు. అక్కడ కూడా కరెంటు పోయే ఉంటుంది. అక్కడ కూడా ఎవరో ఒక జాగ్రత్తగల అమ్మాయి పరుగెత్తి స్విచ్చి కట్టేసే ఉంటుంది. ఎవరి కాగితంలోని అంకె ఎవరి పేరు కింద పడిందో, ఆ అంకె చూసి ఎవరు ఏ మందు ఇచ్చారో నాకు తెలియదు. ఏమీ కాలేదేమో. ఆ "ఏమో"తోనే ఇన్నేళ్లు బతికాను. చప్పుడు చేయని తప్పు అని పైన రాశాను చూడండి, చప్పుడు లేదు కాబట్టే అది ఆగిపోయిందని కూడా నాకు ఎవరూ చెప్పలేరు.

చాలా ఏళ్లకు ఆళ్లగడ్డ బస్టాండులో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది, చేతిలో బడిపిల్లల పలకల సంచి. నేను మొహం తిప్పుకునేలోపే దగ్గరికి వచ్చి, బాగుండావా అన్నా అని పలకరించింది. అమ్మ ఎట్లుంది, పిల్లలెందరు అని అడిగింది. బనగానపల్లె బస్సు రాగానే వెళ్లబోతూ ఆగి, ఆ మిషన్ ఇంకా ఉండాదా అని అడిగింది. లేదమ్మా, ఎప్పుడో తీసేశారు అన్నాను. పోన్లే అంది. ఆమెకు తెలుసా? తెలిసే పలకరించిందా? ఏమీ తెలియకుండా, మాట సాయం చేయలేకపోయిన పాత మనిషిని క్షమించి పలకరించిందా? తెలియకుండానే అయితే నాకు ఇంకా భయం.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించాల్సింది కాదిది. ఆ పొద్దున ఆ గదిలో చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఆమె ముప్పై నాలుగనే కొట్టింది. టేపులో కళ్లారా చూశాను. అంకెను మార్చింది నా ప్రోగ్రాము. టేపు చెరిపింది నేను, కావాలని చెరిపాను. రాసేశాను. ఇన్నేళ్లకు రొమ్ము మీద చెయ్యి తీసినట్టు ఊపిరి ఆడుతోంది, ఒప్పుకోవడానికి సిగ్గేస్తున్నా ఆడుతోంది.

ఇంకొక్క అబద్ధం మిగిలింది. సలోమి ఆమె పేరు కాదు, ఈ కాగితం కోసం నేను పెట్టింది. ఆమె మీది మచ్చ పోవాలంటే అసలు పేరు ఇక్కడ ఉండాలి. రాద్దామని కూర్చున్నాను. రెండు అక్షరాలు రాశాక గుర్తొచ్చింది, ఆమె పేరు చదివితే నంద్యాలలో ఎవరైనా నా పేరు చెప్పేస్తారు. ఆ రెండక్షరాలూ కొట్టేశాను.